ఎంఎస్ ఫాలోఅప్ ఎంఆర్‌ఐ: రెండు స్కాన్ల మధ్య తేడా జబ్బుదా, మెషీన్‌దా?

న్యూరో_పీజీ

అందరికీ నమస్కారం. రిలాప్సింగ్ రెమిటింగ్ ఎంఎస్ కేసు, 34 ఏళ్ల మహిళ. (ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాముల్లో నరాల పొర దెబ్బతినే జబ్బు. ఈ రకంలో జబ్బు తిరగబెడుతూ, అంటే రిలాప్స్ అవుతూ, మధ్యలో తగ్గుతూ ఉంటుంది.) రెండు స్కాన్లు ఉన్నాయి.

మొదటిది రిలాప్స్ వచ్చిన వారంలో తీసింది. 1.5 టెస్లా (మెషీన్ అయస్కాంత బలం), 2డీ ఫ్లెయిర్ (మెదడు చుట్టూ ద్రవాన్ని నల్లగా, మచ్చల్ని తెల్లగా చూపే స్కాన్), స్లైస్ 5 మి.మీ., గ్యాప్ 1.5 మి.మీ. ఆ తర్వాత ఐదు రోజులు మిథైల్‌ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) ఎక్కించారు, ఇంకో నెలకి ఎంఎస్ మందు డైమెథైల్ ఫ్యూమరేట్ మొదలైంది.

రెండోది 14 నెలల తర్వాత, వేరే సెంటర్‌లో. 3 టెస్లా, 3డీ ఫ్లెయిర్, 1 మి.మీ.

రిపోర్టులో లీజన్లు (జబ్బు మచ్చలు) 14 నుంచి 19 అయ్యాయని, లీజన్ వాల్యూమ్ 6.2 మి.లీ. నుంచి 7.9 మి.లీ.కి పెరిగిందని, సాఫ్ట్‌వేర్ లెక్కలో బ్రెయిన్ వాల్యూమ్ 0.9 శాతం తగ్గిందని ఉంది. కాంట్రాస్ట్ (గాడోలినియం ఇంజెక్షన్) పట్టిన, అంటే కొత్త వాపున్న లీజన్ ఒక్కటీ లేదు. ఈ 14 నెలల్లో రిలాప్స్ లేదు, ఈడీఎస్ఎస్ (ఎంఎస్ వైకల్యం స్కోరు) 2.0 దగ్గరే నిలకడగా ఉంది.

రిపోర్టు చూసి మందు పనిచేయలేదని, ఇంకా బలమైనదానికి మార్చాలని అంటున్నారు. నాకు రెండు సందేహాలు. ఈ తేడాలో జబ్బు వాటా ఎంత, స్కానర్ వాటా ఎంత? మా డిపార్ట్‌మెంట్‌లో రిపీట్ స్కాన్ల నమ్మకాన్ని మేమే పరీక్షించుకోవాలంటే ఎలా చేయాలి? పేపర్లలో ఐసీసీ (రిపీట్ కొలతల నమ్మకాన్ని చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 0.98 అని కనిపిస్తుంటుంది. అంత ఉన్నప్పుడు 1.7 మి.లీ. తేడా నిజమనే అనుకోవాలి కదా?

---

న్యూరోరేడియాలజీ_విశాఖ

ముందు మందు మార్చే ఆలోచన ఆపండి. ఈ రెండు స్కాన్ల మీద ఆ నిర్ణయం నిలబడదు.

మొదటి స్కాన్ సంగతి చూడండి. 5 మి.మీ. స్లైస్, 1.5 మి.మీ. గ్యాప్ అంటే ఒక స్లైస్ మధ్య నుంచి ఇంకో స్లైస్ మధ్యకి 6.5 మి.మీ. అందులో 1.5 మి.మీ. మెషీన్ సరిగ్గా చూడనే లేదు. 6.5లో 1.5 అంటే దాదాపు 23 శాతం. మెదడులో నాలుగో వంతుకి దగ్గరగా గ్యాప్‌లోకి పోయింది. మిగిలినదాంట్లో కూడా 3 మి.మీ. లీజన్ ఒకటి 5 మి.మీ. స్లైస్‌లో పడితే మందంలో 60 శాతమే నింపుతుంది, మిగతా 40 శాతం మామూలు వైట్ మ్యాటర్. రెండూ కలిసి సగటై తెల్లదనం పలచబడుతుంది. రెండు స్లైస్‌లకి చెరిసగం పడితే ఇంకా మసక. అసలు ఎంఎస్ నిర్ధారణకి వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో లీజన్ అని లెక్కలోకి తీసుకునే కనీస సైజే 3 మి.మీ. అంటే మొదటి స్కాన్ ఆ హద్దు దగ్గరున్న లీజన్లని తప్పించుకుపోనిచ్చే స్కాన్. 3 టెస్లా 3డీలో అవన్నీ బయటపడతాయి. 14 నుంచి 19కి వెళ్లడానికి ఇదొక్కటే చాలు.

ఇంకో మాట. 14 నుంచి 19 అంటే ఐదు కొత్తవి అని కాదు, నికరంగా ఐదు ఎక్కువ అని. పక్కపక్కనున్న రెండు లీజన్లు కలిసిపోతే లెక్క ఒకటి తగ్గుతుంది. కాబట్టి సంఖ్యలు పక్కన పెట్టి, రెండో స్కాన్‌లో ఉండి మొదటిదాంట్లో కనిపించనివాటిని ఒక్కొక్కటిగా పట్టుకోండి.

ఎలాగంటే, రెండు స్కాన్ల డైకామ్ (అసలు డిజిటల్ ఫైళ్ల) సీడీలు తెప్పించండి. ఫిల్ములు కానీ, ఫోన్‌లో వచ్చిన ఫొటోలు కానీ ఈ పనికి పనికిరావు. 3డీ ఫ్లెయిర్‌ని ఎంపీఆర్‌లో (3డీ స్కాన్‌ని ఏ కోణంలోనైనా మళ్లీ కోసే టూల్) పెట్టి, పాత స్కాన్ ఏ కోణంలో ఉందో అదే కోణానికి తిప్పి, మందం 5, దూరం 6.5 మి.మీ. ఇచ్చి మళ్లీ కోయండి. యావరేజ్ మోడ్ పెట్టాలి. మ్యాగ్జిమమ్ ఇంటెన్సిటీ పెడితే ప్రతి చిన్న చుక్కా మెరిసిపోయి అసలు ఉద్దేశమే చెడుతుంది. ఇలా కొత్త స్కాన్‌ని పాత స్కాన్ స్థాయికి దించాక పక్కపక్కన పెట్టి చూడండి. మందంగా కోసినప్పుడు మాయమైపోయే లీజన్‌ని కొత్తది అనడానికి ఆధారం లేదు. మందంగా కోసినా స్పష్టంగా ఉండి, పాత స్కాన్‌లో అదే చోటు స్లైస్ మధ్యలో పడి శుభ్రంగా కనిపిస్తే అది కొత్తదే. పాత స్కాన్‌లో ఆ చోటు గ్యాప్‌లో ఉంటే "పోల్చడానికి వీల్లేదు" అని రాయాలి, అంతకు మించి ఒక్క మాట వద్దు.

పాన్స్, సెరిబెల్లమ్ (మెదడు అడుగు, వెనుక భాగాలు) దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. 2డీ ఫ్లెయిర్ అక్కడ బలహీనం. సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) కదలిక వల్ల లేని తెల్లదనం వస్తుంది, ఉన్న లీజన్ కనిపించకుండానూ పోతుంది. అక్కడ పాత ఆక్సియల్ టీ2 (అడ్డంగా కోసిన ఇంకో రకం స్కాన్) చూసే మాట్లాడండి.

వాల్యూమ్ గురించి ఒక చిన్న లెక్క. 6 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి లీజన్ ఘనపరిమాణం సుమారు 113 ఘన మి.మీ. అంచు గీసేటప్పుడు చుట్టూ అర మి.మీ. లోపలికి జరిగితే వ్యాసం 5 అవుతుంది, ఘనపరిమాణం 65కి పడిపోతుంది. అర మి.మీ. దగ్గర 42 శాతం ఎగిరిపోయింది. ఆ అర మి.మీ.ని ఫీల్డ్ స్ట్రెంత్ మార్పు, టీఈ (సిగ్నల్ అందుకునే సమయం) మార్పు, విండో సెట్టింగ్, గీసే మనిషి చేయి, వీటిలో ఏదైనా తెచ్చిపెట్టగలదు. చిన్న చిన్న లీజన్లు ఎక్కువగా ఉన్న కేసులో మొత్తం 6.2 నుంచి 7.9కి వెళ్లడానికి జబ్బు పెరగనక్కర్లేదు.

---

కన్సోల్_రూమ్

డాక్టర్ గారు చెప్పినది చదివే వైపు సంగతి. తీసే వైపు ఏం పట్టుకోవాలో నేను రాస్తాను. తేడాల్లో చాలా భాగం పేషెంట్ టేబుల్ మీద పడుకున్న మొదటి ఐదు నిమిషాల్లోనే పుడుతుంది.

ముందుగా, ఒకే స్కానర్‌లో తీశారంటే ఒకేలా తీశారని అర్థం కాదు. డైకామ్ హెడర్ తెరిచి చూడండి. 0018,0050లో స్లైస్ మందం, 0018,0088లో స్లైస్‌ల మధ్య దూరం, 0018,0087లో ఫీల్డ్ స్ట్రెంత్, 0018,1020లో సాఫ్ట్‌వేర్ వెర్షన్, 0018,1250లో కాయిల్ పేరు. రెండు స్కాన్లకీ ఈ ఐదూ పక్కపక్కన రాసుకుంటే సగం అనుమానం అక్కడే తీరుతుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అయితే మెషీన్ అదే అయినా కొలతల వరకు అది వేరే మెషీన్. హెడ్ కాయిల్ మార్చినా అంతే. ఈ మధ్య వస్తున్న ఏఐ రీకన్‌స్ట్రక్షన్, డీనాయిజింగ్ ఒకసారి ఆన్‌లో, ఇంకోసారి ఆఫ్‌లో ఉంటే చిన్న లీజన్ల అంచులు వేరుగా కనిపిస్తాయి. ఫాలోఅప్ కేసుల్లో ఆ సెట్టింగ్‌ని రిపోర్టులోనే రాయించండి.

పొజిషనింగ్. తల కాయిల్‌లో పైకంటా దూరాలి. లేజర్ గీత కనుబొమల మధ్య పడాలి. పేషెంట్ భుజాలు అడ్డొచ్చి తల రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉండిపోతే మెదడు ఐసోసెంటర్ (అయస్కాంతం సరిగ్గా నడిమధ్య) నుంచి పక్కకి జరుగుతుంది. ఐసోసెంటర్‌కి దూరమయ్యేకొద్దీ గ్రేడియంట్ (ఏ చోటు ఎక్కడుందో గుర్తించే అయస్కాంత క్షేత్రం) వంకరపోయి ఆకారం సాగుతుంది, లేదా నొక్కుకుంటుంది. మొదటిసారి ఒక చోట, రెండోసారి ఇంకో చోట పడుకోబెడితే వాల్యూమ్ సాఫ్ట్‌వేర్ ఆ సాగుదలని మెదడు మార్పుగా చదువుతుంది. 3డీ డిస్టార్షన్ కరెక్షన్ రెండుసార్లూ ఆన్‌లో ఉండాలి. 2డీ కరెక్షన్ ఒకసారి, 3డీ ఒకసారి కూడా కుదరదు. తల పక్కల స్పాంజ్ గట్టిగా పెట్టండి. కొంచెం కదిలినా గ్రే మ్యాటర్ పలచగా కొలతకొస్తుంది. చూసే కంటికి ఫొటో బాగానే ఉన్నట్టుంటుంది, సంఖ్య మాత్రం తగ్గుతుంది.

2డీ తీయక తప్పకపోతే స్లైస్ 3 మి.మీ. మించకూడదు, గ్యాప్ సున్నా. కోణం సబ్‌కెలోసల్ గీతకి, అంటే కార్పస్ కెలోసమ్ ముందు వెనుక అడుగు అంచుల్ని కలిపే గీతకి సమాంతరంగా ఉండాలి. మిడ్‌శాజిటల్ లోకలైజర్ మీద ఆ గీత పెట్టి స్క్రీన్‌షాట్ సేవ్ చేస్తే వచ్చేసారి ఎవరు డ్యూటీలో ఉన్నా అదే పెడతారు. 3డీ ఫ్లెయిర్ 1 మి.మీ. ఐసోట్రోపిక్ (మూడు వైపులా అదే కొలత) తీస్తే ఈ కోణం బాధే లేదు, తర్వాత ఎటైనా తిప్పుకోవచ్చు. మాగ్నిమ్స్, సీఎంఎస్‌సీ, నైమ్స్ అనే ఎంఎస్ నిపుణుల బృందాలు కలిసి 2021లో ఇచ్చిన సిఫార్సుల్లో ఫాలోఅప్‌కి మూలం 3డీ ఫ్లెయిరే. (ఇక్కడ నైమ్స్ అంటే ఉత్తర అమెరికా ఇమేజింగ్ బృందం, మన పంజాగుట్ట నిమ్స్ కాదు.)

ఫ్లెయిర్‌లో టైమ్ తగ్గించడానికి టీఆర్ (ఒక పల్స్ నుంచి ఇంకో పల్స్‌కి సమయం) తగ్గించి, టీఐని (ద్రవాన్ని నల్లబరిచే సమయం) అలాగే వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అలా చేస్తే సీఎస్ఎఫ్ పూర్తిగా నల్లబడదు, వెంట్రికల్ (మెదడులోని ద్రవపు గది) పక్కనున్న లీజన్ అంచు దాంట్లో కలిసిపోతుంది. ఎంఎస్‌లో లీజన్లు ఎక్కువగా ఉండేదే అక్కడ. అందుకే ప్రొటోకాల్‌ని "ఎంఎస్ ఫాలోఅప్" అని వేరే పేరుతో సేవ్ చేసి లాక్ చేయించండి.

కాంట్రాస్ట్ ఇచ్చేట్టయితే కిలోకి 0.1 మిల్లీమోల్. ఇక్కడ మోతాదు తప్పులు జరుగుతుంటాయి. గాడోబ్యుట్రాల్ 1 మోలార్, అంటే కిలోకి 0.1 మి.లీ. గాడోటెరేట్ 0.5 మోలార్, అంటే కిలోకి 0.2 మి.లీ. 60 కిలోల మనిషికి ఒకటి 6 మి.లీ., ఇంకోటి 12 మి.లీ. సెంటర్‌లో మందు బ్రాండు మారినా సిరంజిలో అంకె మారకపోతే డోసు సగమో రెట్టింపో అయిపోతుంది. ఇంజెక్షన్ అయ్యాక కనీసం 5 నిమిషాలు, వీలైతే 10 నిమిషాలు ఆగి టీ1 తీయాలి. ఈ లోపు ఫ్లెయిర్ తీసుకుంటే సమయం వృథా కాదు. ఒకసారి 2 నిమిషాలకి, ఇంకోసారి 10 నిమిషాలకి తీసి "అప్పుడు లేదు, ఇప్పుడు పట్టింది" అనడం అన్యాయం. ప్రతి ఫాలోఅప్‌కీ కాంట్రాస్ట్ అవసరం లేదన్నదీ అదే 2021 సిఫార్సు. గాడోలినియం కొంత శరీరంలో నిలిచిపోతుంది కాబట్టి, అవసరమైనప్పుడే మాక్రోసైక్లిక్ (గాడోలినియంని గట్టిగా పట్టి ఉంచే) రకం వాడండి.

---

కొలతల_లెక్కలు

ఐసీసీ ప్రశ్నకి వస్తాను. చాలామందిని తప్పుదారి పట్టించేది అదే.

ఐసీసీ అనేది మనుషుల మధ్య తేడాతో పోలిస్తే కొలత లోపం ఎంత చిన్నదో చెబుతుంది. ఎంఎస్‌లో ఒకరికి లీజన్లు 1 మి.లీ. ఉంటాయి, ఇంకొకరికి 40 మి.లీ. ఆ విస్తారంలో 1 మి.లీ. లోపం కనబడనే కనబడదు, ఐసీసీ 0.98 వచ్చేస్తుంది. కానీ మీ పేషెంట్‌కి ఏడాదిలో వచ్చే మార్పే ఆ 1 మి.లీ. అయితే? ఐసీసీ ఇద్దరు పేషెంట్లని వేరుచేయడానికి పనికొస్తుంది. ఒకే పేషెంట్‌లో మార్పు పట్టడానికి మీకు కావల్సింది రిపీటబిలిటీ కోయెఫిషియెంట్ (కొలత లోపం ఒక్కటే తేగల తేడా హద్దు), అదీ మి.లీ.లలో.

పరీక్ష ఇలా చేయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంట్ల సమ్మతి తీసుకుని, జబ్బు నిలకడగా ఉన్నవాళ్లని ఎంచుకోండి. లీజన్ భారం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఉన్నవాళ్లు అందరూ ఉండాలి. ఒక స్కాన్ తీసి, మనిషిని టేబుల్ దించి, రెండు నిమిషాలు నడిపించి, మళ్లీ కొత్తగా పొజిషన్ చేసి రెండో స్కాన్ తీయాలి. దించకుండా వెంటవెంటనే తీస్తే పొజిషనింగ్ లోపం లెక్కలోకి రాదు, ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. కొలిచేవాళ్లకి ఏ రెండు స్కాన్లు ఒకరివో తెలియకూడదు.

ఎనిమిది మంది మీద తేడాలు మి.లీ.లలో ఇలా వచ్చాయనుకుందాం: 0.2, -0.3, 0.1, 0.4, -0.2, 0.1, -0.5, 0.3. వర్గాలు చేసి కూడితే 0.69. దాన్ని రెండు ఎనిమిదుల 16తో భాగిస్తే 0.043, వర్గమూలం 0.21. దాన్ని 2.77తో గుణిస్తే సుమారు 0.58 మి.లీ. అంటే అదే స్కానర్, అదే ప్రొటోకాల్, అదే పద్ధతిలో 0.58 మి.లీ. లోపు తేడా వస్తే అది లోపం నుంచి విడదీయలేనిది. ఎనిమిది మందితో వచ్చే అంకె చాలా ఊగుతుంది, ఇరవై మందికి దగ్గరగా తీసుకోండి. తేడాలని సగటుకి ఎదురుగా గ్రాఫ్ గీసి చూడండి. లీజన్ భారం పెరిగేకొద్దీ చుక్కలు విచ్చుకుపోతుంటే మి.లీ. లెక్క వదిలి లాగరిథమ్ తీసుకుని శాతాల్లో చెప్పాలి. చాలాసార్లు అలాగే అవుతుంది.

ఇదంతా ఒకే స్కానర్‌కి. స్కానర్ మారితే ఈ అంకె చెల్లదు. నైమ్స్ బృందమే నిలకడగా ఉన్న ఒకే ఒక్క ఎంఎస్ పేషెంట్‌ని ఏడు చోట్ల, ఒకే కంపెనీ 3 టెస్లా మెషీన్ల మీద, ఒకే ప్రొటోకాల్‌తో, చోటుకి రెండేసిసార్లు స్కాన్ చేయించింది. 2017లో ప్రచురించారు. అన్నీ సరిపెట్టినా సైట్ల మధ్య వాల్యూమ్ తేడాలు తేలాయి. ఇక మీ కేసులో 1.5 నుంచి 3 టెస్లాకి, 2డీ నుంచి 3డీకి మారారు. ఆ 1.7 మి.లీ.కి ఏ అర్థమూ చెప్పకండి.

0.9 శాతం సంగతి ఇంకా ఘోరం. ఆరోగ్యవంతుల్లో మెదడు ఏడాదికి 0.1 నుంచి 0.3 శాతం తగ్గుతుంది, ఎంఎస్‌లో 0.5 నుంచి 1.35 శాతం దాకా. సియెనా (బ్రెయిన్ వాల్యూమ్ మార్పు కొలిచే సాఫ్ట్‌వేర్) లాంటి మంచి పద్ధతికే లోపం 0.15, 0.2 శాతం దగ్గర ఉంటుంది, అదీ ఒకే స్కానర్‌లో 3డీ టీ1 రెండు ఉంటేనే. పైగా కారణాలు చూడండి. మొదటి స్కాన్ రిలాప్స్ వారంలో తీశారు, అప్పుడు వాపు ఉంటుంది. తర్వాత స్టెరాయిడ్, ఆ పైన మందు. వాపు దిగితే మెదడు చిన్నదైనట్టు కనిపిస్తుంది. దీన్నే సూడోఅట్రోఫీ, అంటే ఉత్తుత్తి అట్రోఫీ (మెదడు కుంచించుకుపోవడం) అంటారు. నరకణాలు పోవడం వేరు, నీరు దిగడం వేరు. మామూలు నీళ్ల సంగతే తీసుకున్నా, 16 గంటలు ఏమీ తాగకుండా ఉంచితే బ్రెయిన్ వాల్యూమ్ సుమారు 0.55 శాతం తగ్గిందని, నీళ్లు తాగించాక తిరిగి పెరిగిందని 2005లో ఒక జర్మన్ అధ్యయనం చూపించింది. కాంట్రాస్ట్ ఉందని రాత్రి నుంచి పేషెంట్‌ని ఎండబెట్టి, మధ్యాహ్నం మూడింటికి స్కాన్ తీసే చోట ఏడాది అట్రోఫీ అంతా ఆ ఒక్క పూటలో పుట్టేస్తుంది. అట్రోఫీ కొలవాలంటే రెండుసార్లూ ఒకే పూట స్లాట్ ఇచ్చి, మామూలుగా నీళ్లు తాగి రమ్మనండి.

ఇంకోటి. లోపం స్కాన్‌కి ఇంత అని ఉంటుంది కానీ ఏడాదికి ఇంత అని ఉండదు. రెండు స్కాన్ల మధ్య ఏడాది ఉంటే ±0.5 శాతం లోపం ఏడాదికి ±0.5 అవుతుంది. రెండేళ్లు ఉంటే ఏడాదికి ±0.25. ఓపిక పడితే కొలత దానంతటదే మెరుగవుతుంది.

---

న్యూరో_పీజీ

చాలా ధన్యవాదాలు అండీ. పాత సీడీ తెప్పించి విశాఖ సార్ చెప్పినట్టే 5 మి.మీ.కి మళ్లీ కోసి చూశాం. కొత్తవిగా లెక్కపెట్టిన ఐదింటిలో రెండు 3, 4 మి.మీ.వి, మందంగా కోస్తే మాయమయ్యాయి. ఒకటి పాత స్కాన్ గ్యాప్‌లో పడింది. ఒకటి పాన్స్‌లోది, పాత టీ2లో మసకగా ఉంది, 2డీ ఫ్లెయిర్‌లో లేదు. మిగిలింది ఒక్కటి: ఎడమ వెంట్రికల్ పక్కన 8 మి.మీ., పాత స్కాన్‌లో ఆ చోటు స్లైస్ నడిమధ్యలో శుభ్రంగా ఉంది. మరి ఈ ఒక్కదాని గురించి ఏం చేయాలి? సబ్‌ట్రాక్షన్ (ఒక స్కాన్‌లోంచి ఇంకోదాన్ని తీసివేయడం) చేస్తే ఉపయోగం ఉంటుందా?

---

న్యూరోరేడియాలజీ_విశాఖ

ఈ జతకి సబ్‌ట్రాక్షన్ వద్దు. చిత్రంలో నలుపు తెలుపుల తీరు వేరు, స్లైస్ మందం వేరు, తీసివేస్తే చెత్తే మిగులుతుంది. ఇక ముందు 3డీ ఫ్లెయిర్లు రెండు వచ్చాక చేయండి. ఒకదాన్ని ఇంకోదాని మీదికి లాగకుండా, రెండింటినీ మధ్యస్థానానికి రిజిస్టర్ చేయండి (అంటే ఒకదానితో ఒకటి సరిపెట్టండి). ఒక్కదాన్నే తిప్పితే దానికొక్కదానికే ఇంటర్‌పొలేషన్ మసక వచ్చి తేడాగా కనిపిస్తుంది. బయస్ ఫీల్డ్ (చిత్రంలో చోటుని బట్టి మారే వెలుగు) సరిచేసి, ఇంటెన్సిటీ సమం చేసి అప్పుడు తీసివేయాలి. బూడిద రంగు మధ్య ఒంటరిగా, నిండుగా తెల్లని ముద్ద ఉంటే కొత్త లీజన్. ఒక అంచు తెల్లగా, ఎదుటి అంచు నల్లగా జంటగా కనిపిస్తే రిజిస్ట్రేషన్ సరిగ్గా కుదరలేదని అర్థం, దాన్ని వదిలేయండి. సబ్‌ట్రాక్షన్‌లో దొరికినదాన్ని అసలు ఫ్లెయిర్‌లో, టీ2లో చూసి నిర్ధారించాకే రిపోర్టులో రాయాలి.

---

ఎంఎస్_క్లినిక్

ఆ 8 మి.మీ. లీజన్ నిజమైనదే, కానీ ఎప్పుడు పుట్టిందో ఈ రెండు స్కాన్లు చెప్పలేవు. మొదటి స్కాన్‌కీ మందు మొదలుకీ మధ్య నెల పైన గడిచింది, మందు పట్టుకోవడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. ఆ సందులో వచ్చిన లీజన్‌ని మందు ఖాతాలో వేయకూడదు. ఇందుకే మందు మొదలుపెట్టిన 3 నుంచి 6 నెలలకి కొత్త బేస్‌లైన్ తీయమని 2021 సిఫార్సులు చెబుతున్నాయి. ఈ కేసులో అది జరగలేదు. కాంట్రాస్ట్ పట్టకపోవడం వల్ల తెలిసేది కూడా కొంతే. ఒక లీజన్ సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలే కాంట్రాస్ట్ పడుతుంది కాబట్టి, ఈ మధ్య కొత్త వాపు లేదని మాత్రమే చెప్పగలం.

ఈ 3 టెస్లా స్కాన్‌నే బేస్‌లైన్‌గా తీసుకోండి. ఆరు నెలలకి అదే సెంటర్, అదే మెషీన్, అదే 3డీ ఫ్లెయిర్. కాంట్రాస్ట్ అక్కర్లేదు. ఈ లోపు రిలాప్స్ వస్తే ఆగకుండా వెంటనే, వీలైతే స్టెరాయిడ్‌కి ముందే స్కాన్ తీయండి. స్టెరాయిడ్ పడ్డాక ఎన్‌హాన్స్‌మెంట్ (కాంట్రాస్ట్ పట్టడం) అణిగిపోతుంది. మందు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో మాత్రలు లెక్కపెట్టి అడగండి, లింఫోసైట్ కౌంట్ ఎలాగూ చూస్తారు. అప్పుడు కొత్త లీజన్లు కనిపిస్తే మందు మార్చే మాట గట్టిగా మాట్లాడుకోవచ్చు.

ఇంకా బలమైన ఎంఎస్ మందు నటాలిజుమాబ్‌కి మార్చాల్సి వస్తే మాత్రం ముందే జేసీ వైరస్ యాంటీబాడీ చూసుకోండి. పాజిటివ్‌గా ఉండి పీఎంఎల్ (జేసీ వైరస్ తెచ్చే ప్రమాదకరమైన మెదడు ఇన్ఫెక్షన్) రిస్క్ ఎక్కువైనవాళ్లకి 3, 4 నెలలకోసారి ఫ్లెయిర్, డిఫ్యూజన్ తీస్తూ ఉండాలి. అక్కడ సెంటర్లు మార్చుకుంటూ పోతే, మొదటి చిన్న పీఎంఎల్ మచ్చ పాతదో కొత్తదో తేల్చలేక విలువైన వారాలు పోతాయి. పేషెంట్‌కి, ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పండి: ప్రతి స్కాన్ సీడీ దాచుకోవాలి, దాని మీద తేదీ, సెంటర్, ఎన్ని టెస్లాయో మార్కర్‌తో రాసి పెట్టుకోవాలి, వచ్చే స్కాన్‌కి వెంట తేవాలి.